చీటీలో 30, షాపులో 12: బిల్లు ఎంతకి కొట్టాలి?

నమస్తే అండి. మందుల షాపు కౌంటర్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం ఈ వీడియో. డాక్టర్ గారు బీపీ మాత్రలు 30 రాశారు. మన దగ్గర ఉన్నవి 12. "మిగతావి రేపు తీసుకుంటాలే, బిల్లు మొత్తానికి కొట్టెయ్యి బాబూ" అంటారు పెద్దాయన. కొట్టకండి. ఇవాళ ఆయన చేతికి ఎన్ని ఇచ్చామో బిల్లులో అన్నే ఉండాలి.

ఇదిగో, స్క్రీన్ చూడండి. 15 మాత్రల షీటు ఎంఆర్‌పీ 150 రూపాయలు అనుకుందాం. ఒక్కోటి 10 పడింది. క్వాంటిటీలో 12 కొట్టాను, 120 వచ్చింది. జీఎస్టీ ఎంఆర్‌పీలోనే ఉంటుంది, మళ్లీ పైన వేయకూడదు. ఇప్పుడు పక్కనున్న బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూడండి. అసలు తిరకాసు ఇక్కడే. రేపు ఏజెన్సీ నుంచి వచ్చే షీట్లు వేరే బ్యాచ్‌వి కావచ్చు. ఇవాళే 30కి కొట్టేస్తే రేపు ఇచ్చే 18 మాత్రలకి ఈ బ్యాచ్ తప్పు, ఈ ఎక్స్‌పైరీ తప్పు. ఎప్పుడైనా కంపెనీ ఒక బ్యాచ్‌ని వెనక్కి తీసుకుంటే, అది ఎవరింటికి వెళ్లిందో చెప్పలేం. కంప్యూటర్లో స్టాకు కూడా మైనస్‌లోకి పోతుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక షాపులో ఇలాగే మొత్తానికి బిల్లు కొట్టి, బ్యాలెన్స్ కాగితం ముక్క మీద రాసిచ్చేవాళ్లం. ఒకావిడ మూడు రోజులు తిరిగింది, స్టాకు రాలేదు. ఈలోపు డాక్టర్ మందు మార్చేశారు. ఆ కాగితం ఎక్కడో పోయింది. డబ్బు వెనక్కివ్వడానికి ఓనర్ ఒప్పుకోలేదు. కొంగుముడి బిగించుకుంటూ ఆవిడ మెట్లు దిగి వెళ్లడం నాకింకా గుర్తే.

మిగతా 18 ఇచ్చే రోజున, ఆ తేదీతో, ఆ బ్యాచ్‌తో రెండో బిల్లు కొట్టండి. రీయింబర్స్‌మెంట్ పెట్టుకునేవాళ్లయితే చీటీతో పాటు రెండు బిల్లులూ జాగ్రత్త చేసుకోమనండి. ముందే డబ్బిస్తామంటే అడ్వాన్స్ అని రసీదు రాయండి. మందు ఇచ్చినట్టు బిల్లు మాత్రం వద్దు.

తర్వాత చీటీ. డాక్టర్ సంతకానికి పైన మన షాపు పేరు, చిరునామా, మందు ఇచ్చిన తేదీ వేయాలి, అది రూలు. నేనైతే పక్కనే "12 ఇచ్చాం, 18 బాకీ" అని కూడా రాస్తాను. పెద్దవాళ్లు వేరే షాపుకి వెళ్లినా అక్కడివాళ్లకి లెక్క అర్థమవుతుంది.

షెడ్యూల్ హెచ్1 మందులకి, అంటే కొన్ని యాంటీబయాటిక్‌లు, టీబీ మందుల్లాంటి ప్రత్యేక జాబితాలోని మందులకి, 2014 మార్చి నుంచి విడిగా రిజిస్టర్ ఉంది కదా, అందులో కూడా చీటీలో ఉన్న సంఖ్య కాదు, మనం ఇచ్చిన సంఖ్యే రాయాలి. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి.

యాంటీబయాటిక్ దగ్గర మాత్రం ఇంకాస్త ఆలోచించండి. ఐదు రోజుల కోర్సులో రెండు రోజులవే ఇచ్చి పంపిస్తే, జ్వరం తగ్గగానే చాలామంది మళ్లీ రారు. ఏజెన్సీకి ఫోన్ చేసి కనుక్కోండి. రేపటికి రాదంటే చీటీ చేతికిచ్చి, మొత్తం కోర్సు దొరికే షాపు ఎక్కడుందో చెప్పండి. అమ్మకం పోతే పోనివ్వండి.