ఏ గడిలో రాయాలి? మారిషస్ జనాభా లెక్కల కథ

పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

కాకినాడలో కూర్చుని మారిషస్ జనాభా గురించి మాట్లాడటమేమిటని కొందరు అడిగారు. మనం యానాం వెళ్లే దారిలో కోరంగి తగులుతుంది కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను. 1839 ఉప్పెనకు బాగా దెబ్బతిన్న ఆ రేవు పేరుతోనే, నాలుగేళ్ల తర్వాత, 1843లో, ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ మన కూలీలను హిందూ మహాసముద్రం మీదుగా మారిషస్‌కు తీసుకెళ్లింది. తర్వాత విశాఖపట్నం, గంజాం వైపు నుంచి కూడా జనం వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లను చాలాకాలం ‘కోరంగీలు’ అనే పిలిచారు. ఊరి పేరు ఒక జాతి పేరైపోయింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఇలాంటి పేర్ల గురించే. జనాన్ని లెక్కపెట్టేటప్పుడు వాళ్లను ఏ పేరు కింద రాస్తాం, రాశాక ఆ పేరు వాళ్లను ఏం చేస్తుంది అన్నదే నా విషయం.

నేను బడిపంతులుగా ఉన్నప్పుడు 2001 జనాభా లెక్కలకు ఎన్యుమరేటర్‌గా తిరిగాను. ఒక ఇంట్లో ముసలమ్మను ‘మాతృభాష ఏమిటమ్మా’ అని అడిగితే, ‘ఏ భాషేంటి బాబూ, మా భాషే’ అంది. ఆవిడకు అది చాలా సరైన జవాబు. నా చేతిలో ఉన్న కాగితానికి మాత్రం అది సరిపోదు. అందులో ఏదో ఒక పేరు పడాలి. ఆ రోజు నుంచి నాకు ఈ లెక్కల మీద వేరే రకం ఆసక్తి మొదలైంది.

మారిషస్ చిన్న దేశం. ఆఫ్రికన్ యూనియన్‌లో సభ్యదేశం. చుట్టుపక్కల దీవులన్నీ కలుపుకుంటే దాదాపు 2,040 చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పు గోదావరి జిల్లాలో ఐదో వంతు ఉంటుందేమో. జనాభా 12 లక్షల 30 వేల పైచిలుకు. మన లెక్కకు ఒక పెద్ద నగరంలో మూలకు సరిపోతారు. కానీ అక్కడ ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి వచ్చినవాళ్ల సంతతి ఉంది, బిహార్ వాళ్లున్నారు, తమిళులు, తెలుగువాళ్లు, మరాఠీలు, గుజరాతీ వర్తకుల వంశాలు, చైనా నుంచి వచ్చిన హక్కా, కాంటన్ కుటుంబాలు, ఫ్రెంచి తోటల యజమానుల వారసులు ఉన్నారు. వీళ్లలో ఎవరూ ఆ నేలకు ఆదివాసులు కారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. డచ్చివాళ్లు 1598లో దిగినప్పుడు ఆ దీవిలో మనిషి లేడు. డోడో పక్షి ఉంది, ఆ తర్వాత వందేళ్లు గడవకుండానే అంతరించింది. ఏ సముదాయం కూడా ‘ఇది మా తాతల నేల, మీరంతా బయటివాళ్లు’ అనే హక్కు లేని దేశం అది.

చరిత్ర త్వరగా చెప్పేస్తాను. డచ్చివాళ్లు 1710లో వదిలేసి పోయారు. ఫ్రెంచివాళ్లు 1715లో స్వాధీనం చేసుకుని మొజాంబిక్, మడగాస్కర్ తీరాల నుంచి బానిసలను తెచ్చారు. కొందరిని మన దేశం నుంచి కూడా తీసుకుపోయారు. 1810లో ఇంగ్లీషువాళ్లు గెలిచారు, కానీ ఫ్రెంచివాళ్ల భాష, చట్టాలు, ఆస్తులు అలాగే ఉండనిచ్చారు. అందుకే ఈనాటికీ అక్కడ పార్లమెంటు అధికార భాష ఇంగ్లీషు, పత్రికలు చదివేది ఫ్రెంచిలో, మాట్లాడేది ఫ్రెంచిలోంచి పుట్టిన క్రియోల్ అనే భాషలో. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు చేతులు కావాలి. దానికి ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీలు దిగారు. తర్వాతి ఎనభై ఏళ్లలో నాలుగున్నర లక్షల మంది దాకా భారతీయులు పోర్ట్ లూయీ రేవులో దిగారు. కొందరు తిరిగి వచ్చారు. ఎక్కువమంది ఉండిపోయారు. వాళ్లు దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1861 నాటికే ఆ దీవి జనాభాలో అరవై శాతం పైన భారతీయులు. అంటే ఒక తరం గడవక ముందే దేశం రూపమే మారిపోయింది. ఇంత వేగంగా మనుషులు మారిపోయిన చోట్లు ప్రపంచంలో తక్కువ.

ఇక గడుల దగ్గరికి వద్దాం. మొదట్లో అక్కడి లెక్కల్లో భారతీయులందరూ ఒకటే గడి, ఇండో-మారిషన్లు. 1962 నాటికి ఆ గడి మతాన్ని బట్టి రెండుగా చీలింది: హిందువులు, ముస్లింలు. అప్పుడే స్వాతంత్ర్యం గురించి చర్చలు జరుగుతున్నాయి. ఎవరి ఓట్లు ఎన్ని, ఎవరికి ఎన్ని సీట్లు అన్న ఆందోళన అందరిలోనూ ఉంది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ రాజ్యాంగంలోని మొదటి షెడ్యూలులో ఒక విచిత్రమైన వాక్యం ఉంది. హిందూ, ముస్లిం, చైనా-మారిషన్ అని మూడు సముదాయాలను పేర్కొని, ‘జీవన విధానాన్ని బట్టి’ ఈ మూడింటిలో ఎందులోనూ చేరని ప్రతి మనిషీ ‘జనరల్ పాపులేషన్’ అనే నాలుగో సముదాయానికి చెందుతాడని అంటుంది.

ఆ నాలుగో గడిలో ఎవరు పడ్డారో చూడండి. మొజాంబిక్ నుంచి గొలుసులతో వచ్చిన బానిస మునిమనవడు, ఆ బానిసను కొన్న ఫ్రెంచి తోట యజమాని మునిమనవడు, ఇద్దరూ ఒకే గడిలో! ఆ బానిసల సంతతి అయిన క్రియోల్ ప్రజలకు తమ పేరుతో ఒక గడి లేదు. మిగిలినవాళ్ల పేర్లు రాసేశాక మిగిలిపోయినవాళ్లు అన్నట్టు ఉంది వాళ్ల స్థానం. నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది. 1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు నిర్బంధంలో చనిపోయినప్పుడు దేశమంతా అల్లర్లు చెలరేగాయి. ఆ కోపానికి చాలా కారణాలున్నాయి. లెక్కలో పేరు లేకపోవడం వాటిలో ఒకటని నేను నమ్ముతాను.

ఈ నాలుగు గడులు ఊరికే కాగితం మీద లేవు. మారిషస్ పార్లమెంటుకు 62 మంది ఎన్నికవుతారు. ఎన్నికల తర్వాత ఏ సముదాయానికి తక్కువ సీట్లు వచ్చాయో చూసి, ఓడినవాళ్లలో బాగా ఓట్లు తెచ్చుకున్నవాళ్లకు గరిష్ఠంగా 8 సీట్లు అదనంగా ఇస్తారు. దాన్ని ‘బెస్ట్ లూజర్’ పద్ధతి అంటారు. చిన్న సముదాయాలకు భయం పోగొట్టాలన్నదే ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఎవరెంతమంది ఉన్నారో తెలియాలంటే లెక్క కావాలి. 1972 లెక్కల్లో హిందువులు దాదాపు 52 శాతం, జనరల్ పాపులేషన్ 29, ముస్లింలు 16, చైనీయులు 3 శాతం దాకా తేలారు. పదేళ్ల తర్వాత, 1982లో, కొత్త ప్రభుత్వం ప్రధాన దీవిలో 60 సీట్లూ గెలిచి వచ్చింది. ‘మనమంతా మారిషన్లం’ అన్న నినాదం ఊపులో ఉంది. లెక్కల్లోంచి సముదాయం ప్రశ్న తీసేసింది.

ప్రశ్న పోయింది. గడులు పోలేదు. అదనపు సీట్లను ఇప్పటికీ 1972 లెక్కల ప్రకారమే పంచుతున్నారు! అప్పుడు పుట్టినవాళ్లకు ఇవాళ యాభై దాటాయి. మధ్యలో ఎన్ని పెళ్లిళ్లు సముదాయాలు దాటి జరిగాయో, ఎందరు మతం మారారో, ఎందరు వలస పోయారో ఆ లెక్కకు పట్టదు. ‘మేం ఏ సముదాయమో చెప్పం’ అన్న అభ్యర్థుల నామినేషన్లు చెల్లకుండా పోయాయి. విషయం ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లింది. అంత పాత లెక్క ఆధారంగా సముదాయం ప్రకటించమనడం వాళ్ల హక్కులను ఉల్లంఘించడమేనని 2012లో ఆ కమిటీ చెప్పింది. 2014 ఎన్నికలకు మాత్రం సముదాయం చెప్పకపోయినా పోటీ చేయవచ్చని తాత్కాలికంగా వెసులుబాటు ఇచ్చారు.

మనకిది వింతగా ఉందా? మన లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1971 లెక్కల మీదే ఆగి ఉంది. ఆపిన కారణం వేరు, కానీ పాత లెక్క కొత్త మనుషుల్ని ఏలడం అక్కడా ఇక్కడా ఉన్నదే. కులగణన మాటలు మన దగ్గర జోరుగా నడుస్తున్న ఈ రోజుల్లో మారిషస్‌ను ఒకసారి చూడాలంటాను. అడగకపోతే సమస్య పోతుందనుకుంటే పోలేదు. అడిగి ఒక గడిలో బిగించేస్తే మనిషి అందులో ఇమడలేదు.

మనవాళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మారిషస్ లెక్కల్లో మతం దగ్గర ‘హిందూ’ అని ఉంటుంది. దానితో పాటు ‘తమిళ్’, ‘తెలుగు’, ‘మరాఠీ’ అని కూడా ఉంటాయి. అవును, మతం దగ్గరే! అక్కడ చాలామందికి ‘తెలుగు’ అంటే మాట్లాడే భాష కాదు, చేసే పూజ. సింహాద్రి అప్పన్నకు పూజ చేయడం, అమ్మోరు పండగ, రామభజనం, ఇవే వాళ్ల తెలుగు. భాష చాలావరకు పోయింది. చెరకు తోటల్లో అందరినీ కలిపిన భోజ్‌పురీ ముందు దాన్ని మింగింది, తర్వాత భోజ్‌పురీని క్రియోల్ మింగింది. 2000 లెక్కల్లో ఇంట్లో భోజ్‌పురీ మాట్లాడేవాళ్లు 12 శాతం, 2011 కల్లా 5 శాతం. క్రియోల్ మాట్లాడేవాళ్లు ఎనభై శాతం దాటారు. అప్పడు, అప్పన్న లాంటి పేర్లు ఇంటిపేర్లుగా నిలిచాయి. రిజిస్టరు రాసిన గుమాస్తా తండ్రి పేరును ఇంటిపేరుగా రాసేశాడు మరి. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. బడిలో తెలుగు నేర్చుకునే పిల్లలున్నారు. ‘తెలుగు చచ్చిపోయింది’ అని మనం ఇక్కడ కూర్చుని దిగులు పడేటప్పుడు, మాట పోయినా పేరు వదలని ఆ జనాన్ని తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

లెక్కల్లో ‘పూర్వీకుల భాష’ అని ఇంకో ప్రశ్న ఉంటుంది. అది తాతలు మాట్లాడిన భాష గురించి అడిగినట్టుంటుంది. జనం మాత్రం తాము ఎవరమనుకుంటున్నారో అది చెబుతారు. 1983లో చాలామంది ముస్లింలు ఉర్దూ అని కాకుండా అరబిక్ అని రాయించారు. వాళ్ల తాతలు బిహార్ నుంచి వచ్చిన భోజ్‌పురీ వాళ్లే ఎక్కువ. వాళ్లు అబద్ధం చెప్పారని నేననను. ప్రశ్న తప్పుగా ఉన్నప్పుడు జవాబు మనసులోంచి వస్తుంది. పేర్ల వరసకు కూడా ఎంత విలువుందో చూడండి. 1998లో కొత్త నోట్లు వేసినప్పుడు తమిళ అక్షరాలు హిందీ కింద పడ్డాయి. తమిళులు ఊరుకోలేదు. నోట్లు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు సంఖ్యల మాట. 1940ల చివర్లో మలేరియాను డీడీటీతో తరిమేశారు. మరణాలు పడిపోయాయి, పుట్టుకలు తగ్గలేదు. 1952లో 5 లక్షలున్న జనం 1962కి 6 లక్షల 80 వేలయ్యారు. తర్వాత నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లో ఈ దేశాన్ని చూసి, ఇంతమందికి పని ఎక్కడిది అని భయపడ్డాడు. ప్రశాంతంగా అభివృద్ధి చెందే అవకాశం తక్కువన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు. ఆయన లెక్కలోకి రానివాళ్లు అక్కడి ఆడవాళ్లు. 1957లోనే కుటుంబ నియంత్రణ సంఘం పెట్టారు. క్యాథలిక్కులు తమ మతానికి సరిపడే పద్ధతులు నేర్పడానికి 1963లో వేరే సంస్థ పెట్టుకున్నారు. రెండింటికీ ప్రభుత్వం సాయం చేసింది. ఆడపిల్లలు బడికెళ్లారు, పెళ్లి వయసు పెరిగింది, తర్వాత బట్టల ఫ్యాక్టరీల్లో జీతానికి చేరారు. 1960ల మొదట్లో ఒక్కో తల్లికి ఆరుగురు దాకా పిల్లలుండగా, 1970ల మొదటి సగానికే అది మూడు, మూడున్నర మధ్యకు దిగింది. ఎవరినీ బలవంతపెట్టలేదు. మన ఎమర్జెన్సీ రోజులు చూసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ఒక్కో తల్లికి పిల్లల సంఖ్య 1.4 దగ్గర ఉంది. 2011 నుంచి 2022 వరకు జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. ఫ్యాక్టరీల్లో, భవన నిర్మాణంలో బంగ్లాదేశ్, నేపాల్, భారత్, మడగాస్కర్ నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తున్నారు. అరవై దాటినవాళ్లందరికీ ఇచ్చే పింఛను వయసును దశలవారీగా 65కు పెంచుతామని 2025 బడ్జెట్‌లో చెబితే జనం వీధుల్లోకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో ఎత్తేశారు కాబట్టి ఈ దిగులు మనకు కొత్త కాదు. ఒప్పంద కూలీలతో పుట్టిన దేశానికి మళ్లీ ఒప్పంద కూలీలే దిక్కయ్యారు. వాళ్లకు ఏ గడి ఇస్తారో, వాళ్ల పిల్లలను ఎవరని రాస్తారో నేను గమనిస్తూనే ఉంటాను.

చివరగా ఒక విన్నపం. మారిషస్‌లో మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ఒక్కో కూలీకి ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎక్కిన ఓడ, చేరిన తోట అందులో ఉంటాయి. 1860ల నుంచి కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. ఊరి పేరు మాత్రం చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాశారు. మారిషస్ నుంచి తమ ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఆ కాగితం నకలు పట్టుకుని వస్తారు. దాన్ని చదివి, ఇది పలానా మండలంలోని పలానా ఊరు అని చెప్పాలంటే పాత ఊళ్లు, పాత పేర్లు తెలిసిన పెద్దవాళ్లు కావాలి. కలిసిపోయిన పల్లెలు, ఏరు కోసుకుపోయిన లంకలు గుర్తున్నవాళ్లు ఈ సభలో ఎవరైనా ఉంటే, వెళ్లేముందు నా దగ్గర ఒకసారి ఆగి పేర్లు రాయించి వెళ్లండి. నోటుబుక్కు తెచ్చాను.