మెరైన్ ఎఫ్‌సీ గ్రౌండ్ రివ్యూ: గోడ అవతల బట్టలు ఆరేసుకునే పెరడు, ఇవతల ఎఫ్‌ఏ కప్

నమస్తే అండీ, బాగున్నారా? ఈసారి నా రివ్యూ టేబుల్ మీద ఫోన్ లేదు, ఎయిర్ ఫ్రయర్ లేదు. ఇదిగో, ఈ తెలుపూ నలుపూ మఫ్లర్ ఒక్కటే ఉంది. ముందే చెప్పేస్తున్నా, ఈ మఫ్లరూ దీంతోపాటు వచ్చిన మ్యాచ్ టికెట్టూ నాకు ఫ్రీ. క్లబ్ వాళ్లు ఇవ్వలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. నేను లంచ్ టైమ్‌లో ప్రీమియర్ లీగ్ కబుర్లు చెప్తుంటే విని విని విసిగిపోయి, "ముందు మా ఊరి ఆట చూసిరా, తర్వాత మాట్లాడు" అని చేతిలో పెట్టేశారు. ఫ్రీగా వచ్చింది కాబట్టి పొగుడుతున్నానని అనుకుంటే అనుకోండి, కానీ చివరిదాకా చూసి అనుకోండి.

స్పెసిఫికేషన్లు మీరు ఎక్కడో చూసే ఉంటారు. మెరైన్ ఎఫ్‌సీ, లివర్‌పూల్ పక్కన క్రాస్బీ అనే ఊరు, 1894లో పెట్టారు, గ్రౌండ్ పేరు రోసెట్ పార్క్. లివర్‌పూల్ సెంట్రల్‌లో నార్తర్న్ లైన్ రైలెక్కి బ్లండెల్‌శాండ్స్ అండ్ క్రాస్బీలో దిగడమే. నాన్‌లీగ్ క్లబ్ ఇది. ఆ మాట విని వీళ్లకి లీగ్ లేదేమో అనుకున్నా మొదట్లో. ఉంది బాబూ, లీగుల కింద లీగులు! ప్రీమియర్ లీగ్‌లో 20 టీములు, దాని కింద ఈఎఫ్‌ఎల్ అనే మూడు మెట్ల లీగులో 72. ఈ 92 కాకుండా కింద ఉన్నదంతా నాన్‌లీగే. 2024లో మెరైన్ ప్రమోషన్ కొట్టి ఆరో మెట్టు ఎక్కింది. అంతకుముందు ఎనిమిదో మెట్టులో కూడా ఉంది. ఆ ఎనిమిదో మెట్టు కథ ఒకటుంది, దానికి వస్తా.

ఇప్పుడు నేను ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో ఆ విషయం. సౌండ్. అవునండీ, సౌండ్!

టీవీలో ఫుట్‌బాల్ అంటే మనకి వినబడేది హోరు, పైన కామెంటరీ. ఇక్కడ నడుమెత్తు కమ్మీ మీద మోచేతులు ఆనించి నిలబడితే, వింగర్ నా ముందు నుంచి పరిగెత్తినప్పుడు వాడి ఊపిరి వినబడింది. బూటు బాల్‌కి తగిలే చప్పుడు ఒకటి, మోకాలి కింద షిన్‌ప్యాడ్‌కి తగిలే చప్పుడు ఇంకొకటి. రెండూ వేరు, పది నిమిషాల్లో చెవికి తెలిసిపోతుంది. గోల్‌కీపర్ అయితే తొంభై నిమిషాలు నోరు మూయలేదు. "ఎడమ, ఎడమ, వెనక ఉన్నాడు" అని అరుస్తూనే ఉన్నాడు, ట్యూషన్ మాస్టారులాగా. బెంచీ మీదున్న సబ్‌స్టిట్యూట్లు గుసగుసలాడుకునేదీ వినొచ్చు. నా పక్కనున్న తాతగారు లైన్స్‌మన్‌ని కళ్లద్దాలు మార్చుకోమని ఏదో అన్నాడు. లైన్స్‌మన్ ఆట మీద నుంచి చూపు తిప్పకుండానే, "ఇవి కొత్తవేనండీ" అన్నాడు. నేను పడీ పడీ నవ్వా. ఏ డాల్బీ అట్మాస్ ఇస్తుందండీ ఇది?

ఇంతకుముందు వాడిన ప్రొడక్ట్‌తో పోల్చాలి కదా. నాలుగైదేళ్ల కిందట ఒక పెద్ద క్లబ్ మ్యాచ్‌కి వెళ్లా, పేరు చెప్పను. ముందు మెంబర్‌షిప్ కొనాలి. అది కొన్నాక టికెట్ రాదు, టికెట్ కోసం లాటరీలో నిలబడే అర్హత వస్తుంది! రెండుసార్లు పోయి మూడోసారి తగిలింది. పై అంతస్తు, చివరి వరుస. ఆటగాళ్లు క్యారమ్స్ కాయిన్లలా కనిపించారు. ఎవడు గోల్ కొట్టాడో ఫోన్‌లో చూసి తెలుసుకున్నా. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఖర్చు లెక్క గుర్తు చేస్తుంది.

రెండో ఫీచర్, పెరడులు. గ్రౌండ్‌కి ఒక పక్క స్టాండ్ లేదు. అటు పక్కంతా ఇళ్ల వెనకభాగాలే. మధ్యలో ఒక ఎత్తైన వల. ఎవరిదో వంటింటి కిటికీలో లైట్ వెలుగుతుంటే, దాని ముందు కార్నర్ కిక్ కొడుతున్నారు. వల దాటి బాల్ పడిందంటే ఎవరి కూరమొక్కల్లోనో పడినట్టే. మన వీధి క్రికెట్‌లో పక్కింటి ఆంటీ బాల్ ఇవ్వకపోవడం గుర్తొచ్చింది.

2021 జనవరి 10న ఈ పెరళ్లలోకే ప్రపంచం తొంగిచూసింది. పెద్దా చిన్నా క్లబ్బులు కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్‌లో, అప్పుడు ఎనిమిదో మెట్టులో ఉన్న మెరైన్ మీదకి ప్రీమియర్ లీగ్ క్లబ్ టాటెన్‌హామ్ (స్పర్స్ అన్నా వీళ్లే) వచ్చింది, కోచ్ మోరీన్యోని వెంటేసుకుని. రెండు క్లబ్బులకీ మధ్య 161 స్థానాల తేడా, కప్ చరిత్రలోనే పెద్దది. అక్కడిదాకా ఎలా వచ్చారంటే, మొదటి రౌండ్‌లో కోల్చెస్టర్‌ని పెనాల్టీల్లో పడగొట్టారు. రెండో రౌండ్‌లో హావంట్ అండ్ వాటర్లూవిల్ మీద ఎక్స్‌ట్రా టైమ్ చివరి నిమిషంలో నియల్ కమ్మిన్స్ గోల్ కొట్టాడు. కమ్మిన్స్ స్కూల్లో టీచర్. ఆ టీమ్‌లో ఆసుపత్రి ఉద్యోగి ఉన్నాడు, చెత్త ఎత్తే బండి మీద పనిచేసేవాడు ఉన్నాడు. అలాంటి టీమ్ మీద రెండో సగంలో ప్రపంచ స్టార్ గారెత్ బేల్ దిగాడు!

లాక్‌డౌన్ వల్ల గ్రౌండ్‌లోకి జనాన్ని రానివ్వలేదు. మరి ఆ ఇళ్లవాళ్లనేం చేస్తారు? పెరట్లో కుర్చీలేసుకుని చూశారు. లివర్‌పూల్ అభిమాని ఎవరో అప్పటి తమ కోచ్ క్లాప్ నిలువెత్తు అట్టబొమ్మని కూడా తెచ్చి నిలబెట్టారు, మోరీన్యోకి కనబడేలా. అది చూసి ఆయన ఏమనుకున్నాడో గానీ నాకు మాత్రం చాలా నచ్చింది. గేట్ డబ్బులు పోయాయి కాబట్టి క్లబ్ 10 పౌండ్లకి ఉత్తుత్తి టికెట్లు అమ్మింది. దాంతో లోపలికి రానివ్వరు, ఏమీ చూపించరు. అయినా 30,697 అమ్ముడయ్యాయి. స్పర్స్ అభిమానులు కూడా ఎగబడి కొన్నారు. పనికిరాని ప్రొడక్ట్‌కి ఇంత మంచి రివ్యూ నా ఛానెల్ చరిత్రలో లేదు.

మ్యాచ్ స్పర్స్‌దే, 5-0. కార్లోస్ వినీసియస్ మూడు కొట్టాడు, 16 ఏళ్ల ఆల్ఫీ డెవైన్ ఒకటి కొట్టాడు. అదంతా రికార్డుల్లో ఉంటుంది. ఇంకా 0-0 ఉన్నప్పుడు మెరైన్ కుర్రాడు నీల్ కెంగ్నీ దూరం నుంచి బాదితే బాల్ క్రాస్‌బార్‌కి, అంటే గోల్‌పోస్ట్ పైన ఉండే అడ్డకమ్మీకి, కొట్టుకుంది. ఆ గోల్‌పోస్ట్ పక్కన నేను పది నిమిషాలు నిలబడ్డా. ఊరికే, ఆ కమ్మీని చూస్తూ.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తా, తిట్టుకోకండి. మా తాతది హైదరాబాద్. ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ టీమ్ ఆటలు చూశానని ప్రతి పండక్కీ చెప్పేవాడు. ఆ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ అనే దేశవాళీ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. కోచ్ రహీమ్ సాబ్ బడిపంతులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి తీసుకెళ్లింది ఆయనే. మెరైన్‌కి 1972 నుంచి 2005 దాకా మేనేజర్‌గా ఉన్న రోలీ హోవార్డ్ కిటికీల అద్దాలు తుడిచే పని చేసేవాడు. 1,975 మ్యాచ్‌లు, గిన్నిస్ రికార్డు. పేపర్లో ఈ అంకె చూసి నాకు తాత గుర్తొచ్చాడు. ఆయన ఉంటే ఈ మఫ్లర్ ఆయన మెడలో ఉండేది.

మైనస్‌లు. గాలి! ఐరిష్ సముద్రం నుంచి వచ్చే గాలి సూదులతో గుచ్చినట్టు ఉంటుంది. మ్యాచ్‌కి ముందు బీచ్‌కి వెళ్లా, అక్కడ ఆంటొనీ గార్మ్లీ చేసిన వంద ఇనుప మనుషులు సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటారు. ఆ చలికి వాళ్లే తట్టుకోగలరు. గ్లవ్స్ లేకుండా వెళ్లొద్దు. ఆట నాణ్యత మాట కూడా దాచను. పాస్‌లు తప్పిపోతాయి, బాల్ ఎక్కువసేపు ఆకాశంలోనే ఉంటుంది, బురదలో జారతారు. మాంచెస్టర్ సిటీ ఆట చూసిన కళ్లకి మొదటి పావుగంట కష్టమే. బీర్ ఫీచర్ అడుగుతారు కొందరు. పై అయిదు మెట్ల లీగుల్లో పిచ్ కనబడే చోట మందు తాగకూడదని 1985 నుంచి చట్టం ఉంది, ఆరో మెట్టు నుంచి ఆ అడ్డు లేదు. గ్లాసు పట్టుకుని కమ్మీ దగ్గర నిలబడొచ్చు. నేను తాగింది టీ. అమ్మా, నువ్వు చూస్తున్నావని తెలుసు, నిజంగా టీయే.

మ్యాచ్ అయ్యాక కార్ పార్క్‌లో ఒక డిఫెండర్ బ్యాగు భుజాన వేసుకుని వస్తున్నాడు. బాగా ఆడావ్ అన్నా. కుడిచేతి బొటనవేలు వాచిపోయింది, చూపించాడు. "సోమవారం పనిలో స్క్రూడ్రైవర్ ఎలా పట్టుకోవాలో" అన్నాడు. సెల్ఫీ అడుగుదామని జేబులో చెయ్యి పెట్టినవాణ్ని తీసేశా.

స్టార్లు ఎన్నంటారా? సౌండ్‌కి అయిదు, పెరడులకి అయిదు, గాలికి సున్నా. లెక్క మీరే వేసుకోండి. మఫ్లర్ ఉతికితే రంగు పోతుందా అని కింద అడగకండి, ఇంకా ఉతకలేదు. వచ్చే శనివారం మళ్లీ వేసుకెళ్లాలి. ఈసారి టికెట్ నేనే కొన్నా, రెండు. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.