బొక్క నోట్ల పడకముందే: హన్మకొండ గల్లీల్లో కుక్కతో వాకింగ్

నమస్తే అందరికీ. టైం పొద్దున ఆరు, వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఉన్నం. అమెరికా నుంచి కుక్కను వెంటబెట్టుకొని వచ్చినోళ్లకు, ఇక్కడ అమ్మానాన్నల దగ్గర కుక్కను పెట్టి పోయినోళ్లకు ఒకటే తలనొప్పి: కింద కనబడ్డదల్లా నోట్లో వేసుకునుడు. డాలస్‌ల అయితే బాతుల పెంట, పార్కింగ్‌ల పారేసిన చికెన్ వింగ్స్ బొక్కలు. ఇక్కడ మెనూ ఇంకా పెద్దది.

ఈ బెంచీ కింద చూడండి, రాత్రి ఎవరో తిని పడేసిన బిర్యానీ బొక్కలు. ఉడికిన కోడిబొక్క పెళుసుబారి ఉంటది, కొరికితే మొనలు తేలి గొంతులనో పేగులనో గుచ్చుకుంటది. కొంచెం ముందర కంకులు కాల్చే బండి నిలబడే తావు. గింజలు తిని పారేసిన బెండుకు ఉప్పు, నిమ్మకాయ అంటుకొని ఉంటది, కుక్కకు మస్తు రుచి. కానీ అది అరగదు, పేగుకు అడ్డం పడితే ఆపరేషనే. ఎండకాలంల మామిడి టెంకది కూడా ఇదే కథ. మూడు బాటల కాడ దిష్టి తీసిన గుడ్లు, అన్నం ముద్దలు సరేసరి. చెరువు కట్టల మీద పిట్టకు పెట్టిన ఇస్తారాకులల్ల మటన్, ఉల్లిగడ్డ వేసిన కూర, ఒక్కోసారి తాగే మందు కూడా ఉంటది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క నెత్తుట్ల ఎర్రకణాలను పగలగొడతయి. పెట్టినోళ్లను ఏమీ అనొద్దు, పిట్ట ముట్టేదాక వాళ్లు కండ్లు కాయలు చేసుకొని నిలబడతరు. ఆ తావుకు కుక్కను తీసుకపోవుడే మన తప్పు.

"ఇంట్ల కడుపునిండ పెడుతున్నం, అయినా ఎందుకు తింటది" అని అడుగుతరు. ఆకలికి సంబంధం తక్కువ. మనిషి పారేసింది ఏరుకొని బతికిన జాతి అది. పైగా పదిసార్లల్ల ఒక్కసారి బొక్క దొరికిందనుకోండి, మిగతా తొమ్మిదిసార్లు అదే ఆశతో అదే బెంచీ కింద వెతుకుతది, అచ్చం పేకాట లెక్క. అందుకే ట్రైనింగ్ నడిచినన్ని రోజులు దానికి ఏదీ దొరకకుండ చూసుకునుడే సగం పని. పెద్దయిన కుక్క ఉన్నట్టుండి మట్టి, పెంట తినుడు మొదలువెడితే మాత్రం డాక్టర్‌కు చూపించాలె. కడుపుల పురుగులు, పాంక్రియాస్ తేడా, షుగర్, స్టెరాయిడ్ గోలీలు, ఇట్లాంటి కారణాలు ఉండొచ్చు.

లీష్, అంటే కుక్కను పట్టుకునే తాడు, ఐదారు అడుగులది, పొడవు మారనిది కావాలె. బటన్ నొక్కితే సాగే రీల్ లీష్ ఈ పనికి వద్దు, పదిహేను అడుగుల అవతల దాని నోట్ల ఏమున్నదో మీకు కనబడదు. నడుముకు ఒక సంచి, అందుల ఉప్పు, పసుపు లేకుండ ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్కలు ఒక యాభై. ఆ మేరకు ఆ పూట తిండి తగ్గించండి. బిస్కెట్ ముక్కలతో అయితదనుకోకండి, పోటీ బిర్యానీ బొక్కతోని!

ఇగ మాట సంగతి. పిల్లలు "లీవ్ ఇట్" అంటరు, నానమ్మ "ఛీ ఛీ" అంటది, తాత "వద్దురా" అంటడు. కుక్కకు మూడూ చప్పుళ్లే. ఇంటిల్లిపాది నోరు తిరిగే మాట ఒకటి పెట్టుకోండి. "ఇడువ్" బాగుంటది, పెద్దోళ్లకు నేర్పే పని లేదు.

మొదట ఇంట్ల. పిడికిట్ల ముక్క పెట్టి ముక్కు ముందర పట్టుకోండి. నాకుతది, గీకుతది, ఊకోండి. ముక్కు వెనక్కి తీసిన క్షణమే "యస్" అని రెండో చేతి నుంచి వేరే ముక్క ఇవ్వండి. పిడికిట్లది ఎప్పుడూ ఇవ్వొద్దు, చాలామంది చెడగొట్టేది ఇక్కడే: ఆపినట్టే ఆపి అదే ముక్క పెడితే, కొంచెం ఆగితే అదే దొరుకుతదని నేర్చుకుంటది. తర్వాత అరచేయి తెరిచి, ఆ తర్వాత నేల మీద పెట్టి చెప్పు కింద దాచి, ఆఖరుకు దాచకుండ. పదిట్ల ఎనిమిదిసార్లు తప్పకుండ ఆగినప్పుడే "ఇడువ్" అనే మాట కలపండి, పై మెట్టుకు పోండి. రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు.

హాల్‌ల నేర్చిన కుక్కను మర్నాడే చికెన్ షాపు ముందుకు తీసుకపోతే ఫెయిలే. మధ్యల మెట్లు ఉన్నయి: వాకిట్ల మీరే పెట్టిన పెడిగ్రీ (కుక్క తిండి) గింజ, తర్వాత గల్లీల చపాతి ముక్క, తర్వాత ఇట్ల కట్ట మీద, లీష్ అందని దూరం నుంచి. బయట మీ చూపు ఫోన్ మీద కాదు, పది పదిహేను అడుగుల ముందర ఉండాలె. ముక్కు కిందికి దిగి నడక జోరయిందంటే వాసన తగిలినట్టే. అప్పుడే ఒక్కసారి, మామూలు గొంతుతోని "ఇడువ్". తిరిగి చూసిందా, మూడు నాలుగు ముక్కలు వరుసగా. చూడలేదా, మళ్లీ మళ్లీ అరవకండి. మీరే నాలుగడుగులు పక్కకు జరిగి దూరం పెంచండి. మెడ పట్టి గుంజితే అది తొందరగ మింగుడు నేర్చుకుంటది.

నోట్ల పడ్డంక కూడా అంతే. వేళ్లు పెట్టి గుంజితే గుటుక్కున మింగుతది, లేదంటే కరుస్తది. దాని ముక్కు ముందర నాలుగైదు చికెన్ ముక్కలు చల్లండి, తినాలంటే నోరు తెరవక తప్పదు. అది ఏరుకునే లోపల పక్కకు నడిపించండి.

అయినా ఆగని కుక్కకు బాస్కెట్ మజిల్, అంటే మూతికి తొడిగే జాలీ బుట్ట, వేయండి. దవడ చుట్టూ బిగించే బట్టది కాదు. నలభై డిగ్రీల ఎండల కుక్క నాలుక బయటపెట్టి ఒగరిస్తేనే ఒళ్లు చల్లబడతది, నోరు కట్టేస్తే ప్రాణానికే ముప్పు. లోపల నోరు పూర్తిగ తెరిచి నీళ్లు తాగేటంత జాగ ఉండాలె. వారం పది రోజులు అందుల పెరుగు పూసి నాకనిచ్చి, అలవాటైనంకనే బెల్ట్ బిగించండి. మెత్తటి పెంట జాలీల నుంచి లోపలికి వస్తది, దానికి ముందర అడ్డు ఉన్న మజిల్ చూసుకోండి. గల్లీల ప్రతొక్కరు "కరుస్తదా?" అని అడుగుతరు. "లేదు, చెత్త తింటది" అని చెప్పండి, నవ్వి పోతరు.

ఎలుకల మందు తిన్నదని అనుమానం వస్తే కక్కించాలని ఉప్పునీళ్లు తాపొద్దు, అదే ఇంకో విషం. పాలు, అన్నం కూడా వద్దు: ఆ మందు జింక్ ఫాస్ఫైడ్ రకం అయితే కడుపుల ఆమ్లం తగిలి విషవాయువు అయితది, తిండి పడితే ఆమ్లం పెరుగుతది. కారు అద్దాలు దించి, ప్యాకెట్ దొరికితే పట్టుకొని వెంటనే డాక్టర్ దగ్గరికి. రక్తం గడ్డకట్టనియ్యని రకం మందయితే మూడు నుంచి ఐదు రోజుల దాక ఏమీ తెలువదు, "మంచిగనే ఉంది కదా" అని ఆగొద్దు. అమెరికాల ఉన్నోళ్లు షుగర్‌లెస్ చూయింగ్ గమ్ కూడా ఈ లెక్కల్నే పెట్టుకోండి. దాంట్ల జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అరగంటల కుక్క షుగర్ పడిపోవచ్చు.

మోరీ నీళ్లల్ల ఎలుకల మూత్రంతోని లెప్టోస్పైరోసిస్ రోగం, వీధికుక్కల పెంటతోని పార్వో వైరస్ రోగం, కొంకి పురుగులు వస్తయి. టీకాల కార్డు చూసుకోండి, పురుగుల మందు మూడు నెలలకోసారి వేయండి.

ఇయ్యాల ఆదివారం, ఆ మలుపు కాడ చికెన్ షాపు షట్టర్ లేపిండ్రు, వీధికుక్కలు అప్పుడే జమైనయి. లీష్ చిన్నగ పట్టుకొని, సంచిల చెయ్యి పెట్టి, రోడ్డు దాటి అవతలి దిక్కు నుంచి పోదాం.