రైడ్స్ సంగతి సరే, జనం లెక్క చూద్దాం | అమ్యూజ్‌మెంట్ పార్క్ రివ్యూ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా?

మొదలుపెట్టే ముందే ఒక విషయం చెప్పేస్తాను, తర్వాత చెబితే బాగుండదు. టికెట్లు అమ్మే ఒక యాప్ వాళ్లు నాకు నాలుగు పాసులు ఫ్రీగా ఇచ్చారు. మామూలువి కూడా కాదు, ఫాస్ట్ ట్రాక్ పాసులు, అంటే మామూలు లైనులో కాకుండా వేరే లైనులో త్వరగా ఎక్కించేవి. నేను వాళ్ల దగ్గర డబ్బులేమీ తీసుకోలేదు. ఏం మాట్లాడాలో కూడా వాళ్లు చెప్పలేదు. కానీ ఒక్క మాట కలపమన్నారు: "ఈ ఏడాది ఆ పార్కుకి రికార్డు స్థాయిలో జనం వచ్చారు" అని. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. రికార్డు స్థాయిలో జనం వస్తే పార్కు వాళ్లకి సంతోషమే. పిల్లల్ని తీసుకుని, లీవు పెట్టుకుని, ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనుక్కుని వెళ్లే మనకి అది మంచి వార్తేనా?

రైడ్స్ ఎన్ని, ఎత్తెంత, వేవ్ పూల్ ఎంత పెద్దది, లాకర్ కి ఎంత తీసుకుంటారు, ఇవన్నీ మీరు ఈపాటికి పది వీడియోల్లో చూసే ఉంటారు. మళ్లీ చెప్పను. ఈ వీడియో మొత్తం జనం గురించే. పార్కు పేరు, ఊరు కూడా చెప్పడం లేదు. నేను చూసిన ఇబ్బంది చాలా పార్కుల్లో ఉన్నదే, ఒక్కరి మీద పెట్టడం న్యాయం కాదు.

మొదటి రోజు ఫ్రీ పాసులతో వెళ్లాం. నేను, మా వారు, పిల్లలిద్దరూ. చాలా బాగా గడిచింది. పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర తొమ్మిది నిమిషాల్లో సీట్లో కూర్చున్నాం. మధ్యాహ్నం మూడింటికే అన్నీ ఎక్కేశాం, పిల్లలకి నచ్చినవి రెండోసారి కూడా. ఇంటికి వచ్చి స్క్రిప్ట్ రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. ఎందుకంటే మా పక్క లైనులో, కంచెకి అవతల ఒక పెద్దాయన మనవడిని భుజం మీద వేసుకుని నిలబడి ఉన్నారు. మేం ఒకసారి ఎక్కి దిగి వచ్చేసరికి ఆయన నాలుగు అడుగులు ముందుకు జరిగారంతే. మీలో ఎక్కువమంది ఆయన ఉన్న లైనులోనే నిలబడతారు. నేను తిరిగొచ్చిన పార్కూ మీరు చూడబోయే పార్కూ ఒకటి కాదు కదా. అందుకని మూడు వారాల తర్వాత, ఒక శనివారం, సొంత డబ్బుతో మామూలు టికెట్ కొనుక్కుని నేనొక్కదాన్నే మళ్లీ వెళ్లాను.

అదే కోస్టర్ కి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఊరికే నిలబడితే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదని ఫోన్ లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి, నాకు ఈ వీడియోలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

ఆ కోస్టర్ కి ఒకటే బండి నడుస్తోంది. బండిలో 24 సీట్లు. రైడ్ మహా అయితే నిమిషంన్నర. మిగతా టైమంతా ఎక్కడానికి, చెప్పులు తీసి పక్కన పెట్టడానికి, బెల్టులు చూడటానికి, దిగడానికి. నేను పది ట్రిప్పులు చూశాను, పదింటికీ కలిపి 42 నిమిషాలు పట్టింది. బెల్టు చూడటానికి పట్టే టైము గురించి నాకే ఫిర్యాదూ లేదు. అది ఇంకో నిమిషం పట్టినా నేను ఆగుతాను. నా బాధ ఏమిటంటే, ఆ పది ట్రిప్పుల్లో 240 సీట్లకి గాను 47 సీట్లు ఖాళీగా వెళ్లాయి. ముగ్గురు వచ్చి నాలుగు సీట్ల వరసలో కూర్చుంటే నాలుగోది ఖాళీ. "ఒక్కరే ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని పిలిచే మనిషి లేడు. నేను ఒక్కదాన్నే వచ్చానని చెయ్యి ఎత్తి చూపించాను, ఎవరూ చూడలేదు.

లెక్క వేస్తే, బండి నిండుగా వెళ్తే గంటకు 343 మంది ఎక్కొచ్చు. ఆ రోజు గంటకు 276 మందే ఎక్కారు. గంటకు 67 మంది తేడా. ఎనిమిది గంటల పాటు ఇలాగే నడిస్తే 500 మందికి పైగా. ఆ 500 మంది ఎండలో లైనులోనే ఉంటారు. పైగా ఎక్కిన 193 మందిలో 38 మంది చేతికి ఫాస్ట్ ట్రాక్ బ్యాండ్ ఉంది. మూడు వారాల కింద మేం నలుగురం అలాగే ఎక్కామని గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఇప్పుడు "రికార్డు స్థాయిలో జనం" అన్న మాట దగ్గరికి వద్దాం. ఈ పార్కుల లెక్కలు నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను, నాకదో ఇష్టం. ప్రపంచంలో పెద్ద పార్కులకి ఏడాదికి ఎంతమంది వచ్చారో టీఈఏ (థీమ్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ అసోసియేషన్) అనే సంస్థ ఏటా ఒక నివేదిక ఇస్తుంది. చాలాకాలం ఏఈకామ్ అనే కన్సల్టింగ్ కంపెనీతో కలిసి ఇచ్చింది, థీమ్ ఇండెక్స్ అనేవాళ్లు. ఆ పాత నివేదికలు ఎవరైనా ఫ్రీగా చదువుకోవచ్చు. డిస్నీ తన అమెరికా పార్కుల్లో ఒక్కోదానికి ఎంతమంది వచ్చారో బయటపెట్టదు, కాబట్టి ఆ అంకెలు అంచనాలే. అయినా ఏటికేడు పోల్చి చూడటానికి బాగా పనికొస్తాయి.

ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ ని తీసుకోండి. 2019లో 2 కోట్ల 9 లక్షల మంది. 2020లో కోవిడ్ వల్ల నెలల తరబడి మూసేశారు, లెక్క 69 లక్షలకి పడిపోయింది. 2021లో 1 కోటి 26 లక్షలు. "ఒక్క ఏడాదిలో 83 శాతం పెరిగింది" అని రాస్తే అందులో అబద్ధం లేదు. కానీ 2019తో పోలిస్తే ఇంకా 39 శాతం తక్కువే. అందుకే ఏ పార్కు వాళ్లయినా శాతం చెబితే, ఏ ఏడాదితో పోల్చారో అడగండి. 2023కి కూడా అది 1 కోటి 77 లక్షల దగ్గరే ఉంది.

కొత్త ఆకర్షణ వస్తే జనం పెరుగుతారని మనం అనుకుంటాం. నిజమే, పెరిగిన చోట్లున్నాయి. ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ల ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ కి 2009లో 46 లక్షల మంది వచ్చారు. 2010 జూన్ లో హ్యారీ పోటర్ విభాగం తెరిచారు. 2011కి 76 లక్షలు! జపాన్ ఒసాకాలో యూనివర్సల్ స్టూడియోస్ కి 2019లో 1 కోటి 45 లక్షలు. 2021 మార్చిలో సూపర్ నింటెండో వరల్డ్ తెరిచారు. కోవిడ్ ఆంక్షలు పోయాక 2023లో 1 కోటి 60 లక్షలు, ప్రపంచంలో మూడో స్థానం.

కానీ నేను ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యపోయేది కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ లెక్క. 2019 మే 31న అక్కడ స్టార్ వార్స్ విభాగం తెరిచారు. ఏళ్ల తరబడి కట్టిన, బోలెడంత ఖర్చు పెట్టిన విభాగం. థీమ్ ఇండెక్స్ లో 2018 అంకె 1 కోటి 86 లక్షల 66 వేలు. 2019 అంకె కూడా 1 కోటి 86 లక్షల 66 వేలే. ఒక్కరు కూడా పెరగలేదు! ఎందుకంటే, మొదటి మూడు వారాలు ఆ విభాగంలోకి రిజర్వేషన్ ఉంటేనే పంపారు. వార్షిక పాసులున్న చాలామందికి వేసవిలో ఎక్కువ రోజులు ప్రవేశం లేకుండా చేశారు. వీటికి తోడు, విపరీతమైన రద్దీ ఉంటుందని భయపడి జనమే వెళ్లడం వాయిదా వేసుకున్నారు. మా చెల్లి అక్కడికి దగ్గర్లో ఇర్వైన్ లో ఉంటుంది. ఆ ఏడాది జులైలో భయపడుతూనే పిల్లల్ని తీసుకెళ్లింది. "అక్కా, సెలవుల్లో ఇంత హాయిగా తిరగడం ఇదే మొదటిసారి" అని వీడియో కాల్ చేసి మరీ చెప్పింది. డిస్నీ షేర్లు కొన్నవాళ్లకి ఆ అంకె నచ్చి ఉండదు. మా చెల్లి పిల్లలకి మాత్రం అది పండగే.

టోక్యో సంగతి ఇంకా వివరంగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడి డిస్నీ పార్కులు రెండింటినీ నడిపే ఓరియంటల్ ల్యాండ్ కంపెనీ తన లెక్కలు తనే ప్రకటిస్తుంది. 2018 ఏప్రిల్ నుంచి 2019 మార్చి వరకు వచ్చినవాళ్లు 3 కోట్ల 25 లక్షల 58 వేలు, అదే వాళ్ల రికార్డు. 2024-25లో 2 కోట్ల 75 లక్షల 58 వేలు. అంటే దాదాపు సరిగ్గా 50 లక్షలు తగ్గారు. ఆ కంపెనీ దిగులుపడిందా అంటే, లేదు. రోజుకి లోపలికి పంపే గరిష్ఠ సంఖ్యని వాళ్లే తగ్గించుకున్నారు, పార్కులో ఊపిరాడేలా ఉండాలని. ఆ ఆరేళ్లలో మనిషి చేసే ఖర్చు 11,815 యెన్ల నుంచి 17,833 యెన్లకి పెరిగింది, ఒకటిన్నర రెట్లు. పెద్దల టికెట్ అప్పట్లో 7,400 యెన్లు, 2023 అక్టోబర్ నుంచి రద్దీ రోజుల్లో 10,900 వరకు పెట్టారు. రద్దీ తగ్గింది, దాని ఖరీదు మాత్రం టికెట్లో కలిసింది. నాకు ఇందులో సగమే నచ్చింది. తక్కువ మందిని పంపడం నచ్చింది. మధ్యతరగతి వాళ్లని ధరతో ఆపడం నచ్చలేదు.

మన దగ్గర కూడా ఈ పోకడ కనిపిస్తుంది. వండర్‌లా అనే పార్కుల కంపెనీ స్టాక్ మార్కెట్ లో లిస్టయినది కాబట్టి లెక్కలు బయటికొస్తాయి. కొచ్చి, బెంగళూరు, హైదరాబాద్ పార్కులు మూడూ కలిపి 2022-23లో 33 లక్షల మందికి పైగా వచ్చారు. మరుసటి ఏడాది జనం కాస్త తగ్గారు, ఆదాయం మాత్రం 429 కోట్ల నుంచి 483 కోట్లకి పెరిగింది. ఒక చిన్న జాగ్రత్త: 2024లో భువనేశ్వర్ పార్కు మొదలైంది, తర్వాత చెన్నై. పార్కులు పెరిగితే మొత్తం అంకె ఎలాగూ మారుతుంది. మన ఊళ్లో పార్కు సంగతి తెలియాలంటే ఒక్కో పార్కు లెక్క విడిగా చూడాలి.

అసలు ఏడాది మొత్తం అంకె మీద నాకున్న పెద్ద అసంతృప్తి ఏమిటంటే, మన జనం ఏడాదంతా సమానంగా రారు. బడులకి వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, క్రిస్మస్ వారం, శీతాకాలంలో స్కూల్ ట్రిప్పులు. మిగతా రోజుల్లో చాలా పార్కులు ఖాళీ. పార్కు కట్టేటప్పుడు ఏడాదిలో అన్నిటికంటే రద్దీగా ఉండే ఒక్క రోజుకి సరిపోయేలా కట్టరు, అది కుదరదు కూడా. బాగా రద్దీగా ఉండే ఓ పదిహేను, ఇరవై రోజుల సగటు చూసి లైన్లు, బాత్రూములు, క్యాంటీన్లు లెక్కేస్తారు. అంతకుమించి జనం వచ్చిన రోజున మీరు వెళ్తే, రైడ్ ఎంత గొప్పదైనా మీకు గుర్తుండేది లైనే.

నాకు లైనంటే చిన్నప్పటి నుంచి కోపమేమీ లేదండీ. నాంపల్లి నుమాయిష్ కి నాన్న ఏటా జనవరిలో తీసుకెళ్లేవారు. జెయింట్ వీల్ దగ్గర ఎంత జనమున్నా తిప్పే అబ్బాయి ఒక్కో తొట్టి ఆపి, "ఇంకొకరు, ఇంకొకరు రండి" అని అరిచి నింపేవాడు. ఒకసారి నన్ను తెలియని అక్కల మధ్య కూర్చోబెట్టాడు, నాన్న కింద నిలబడి చెయ్యి ఊపుతున్నారు. పైకి వెళ్లగానే ఆ అక్కల్లో ఒకరు నా చెయ్యి పట్టుకున్నారు. కంప్యూటర్ లేదు, యాప్ లేదు, ఆ అబ్బాయి ఒక్క సీటు కూడా ఖాళీగా తిప్పలేదు. ఆ శనివారం 47 ఖాళీ సీట్లు చూసినప్పుడు నాకు అతనే గుర్తొచ్చాడు.

ఇక నా అభిప్రాయం. పార్కు బాగుంది, శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదగా మాట్లాడారు, రైడ్స్ లో భద్రత విషయంలో తొందరపడలేదు. అయినా సెలవుల్లో, వీకెండ్ లో మామూలు టికెట్ తో వెళ్లమని నేను మీకు చెప్పలేను. పిల్లల బడులు తెరిచాక, జులై, ఆగస్టుల్లో వాన లేని ఒక మంగళవారమో బుధవారమో చూసుకుని వెళ్లండి, ఒక్కరోజు బడి మానిపించినా ఫర్వాలేదు. గేటు తెరిచేసరికే అక్కడ ఉండండి, నీళ్ల వైపు వెళ్లకుండా ముందు పెద్ద కోస్టర్ ఎక్కేయండి. ఫాస్ట్ ట్రాక్ కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే కొనండి. లేదంటే ఆ డబ్బుతో వారం మధ్యలో ఇంకోసారి వెళ్లొచ్చు.

యాప్ వాళ్లు కలపమన్న ఆ మాట ఈ వీడియోలో నా మాటగా చెప్పలేదు. వాళ్లకి ముందే చెప్పాను, అర్థం చేసుకున్నారు. పార్కు వాళ్లకి కూడా ఖాళీ సీట్ల లెక్క మొత్తం మెయిల్ చేశాను. లైను ముందు ఒక్క మనిషిని పెట్టి, ఒంటరిగా వచ్చినవాళ్లని పిలిపిస్తే చాలు, కొత్త రైడ్ కొననక్కర్లేదు.

మీరు ఈమధ్య ఏ పార్కుకి వెళ్లారు, ఏ రోజు, ఏ రైడ్ కి ఎంతసేపు నిలబడ్డారు, కింద రాయండి. వీలైతే ఒక్క పది ట్రిప్పులు ఖాళీ సీట్లు కూడా లెక్కపెట్టి రాయండి. వంద మంది పంపితే అన్నీ కలిపి దసరా సెలవుల కంటే ముందే ఒక వీడియో పెడతాను. ఉంటానండీ.