దెయ్యం సినిమాను నవలగా రాయాలంటే

అందరికీ నమస్కారం.

అతీంద్రియ శక్తుల మిస్టరీ సినిమాను నవలగా ఎలా మలచాలో మాట్లాడమన్నారు. మన పాఠకులకు వెండితెర నవల, అంటే సినిమా కథను నవలగా రాసిన పుస్తకం, కొత్తేమీ కాదు. ఇంట్లో టీవీ, వీడియో లేని రోజుల్లో, సినిమా ఊళ్లోంచి వెళ్లిపోయాక మళ్లీ చూసే దారి ఉండేది కాదు. అప్పుడు ఆ పుస్తకమే సినిమా. ముళ్లపూడి వెంకటరమణ గారంతటి వారు ఆ పని చేశారు. అయినా మనం దాన్ని సాహిత్యం కింద లెక్క వేయలేదు. వేసి తీరాలి అంటాను. దెయ్యం కథల్లో అయితే మరీను, ఎందుకంటే అక్కడ తెర మీద ఉన్నది ఉన్నట్టు దించితే కథే చచ్చిపోతుంది.

1976లో వచ్చిన 'ది ఓమెన్' తీసుకుందాం. దర్శకుడు రిచర్డ్ డోనర్, హీరో గ్రెగరీ పెక్. స్క్రిప్ట్ రాసిన డేవిడ్ సెల్ట్జరే నవల కూడా రాశారు. సినిమా విడుదలకు ముందే పుస్తకం బజార్లోకి వచ్చి, లక్షల్లో అమ్ముడుపోయింది. కథ మీలో చాలామందికి తెలుసు. రోమ్ ఆసుపత్రిలో తన బిడ్డ పుట్టగానే పోయాడని విన్న ఒక అమెరికన్ దౌత్యవేత్త, భార్యకు చెప్పకుండా మరో పసివాణ్ణి తెచ్చుకుంటాడు. తర్వాత లండన్‌లో రాయబారి అవుతాడు. పిల్లాడు డేమియన్ పెరిగేకొద్దీ చుట్టూ చావులు మొదలవుతాయి. వాడు సైతాను బిడ్డా, లేక ఇవన్నీ ప్రమాదాలై తండ్రికే మతి చలిస్తోందా? డోనర్ పట్టుబట్టి నిలబెట్టింది ఈ అనుమానాన్నే. తెర మీంచి పేజీలోకి ముందుగా చేర్చాల్సింది కూడా ఇదే. భయం దాని వెనకే వస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు. కెమెరా మనిషిని బయటి నుంచే చూస్తుంది. డేమియన్ సినిమాలో మాట్లాడేదే తక్కువ, వాడి మనసులో ఏముందో మనకు తెలియదు. నవలాకారుడికి ఎవరి తలలోకైనా దూరే వీలుంది. ఆ వీలు చూసుకుని డేమియన్ తలలోకి ఒక్క వాక్యం పాటు వెళ్లామా, మిస్టరీ అక్కడితో సరి. వాడు మామూలు పిల్లాడిలా ఆలోచిస్తే సైతాను లేడని తేలిపోతుంది, క్రూరంగా ఆలోచిస్తే ఉన్నాడని తేలిపోతుంది. అందుకే రాసే ముందు ఎవరి తల తలుపు మూసి ఉంచాలో తేల్చుకోండి. పోనీ తండ్రి చేత 'నేను' అని చెప్పిద్దామా? చివర్లో అతను చనిపోతాడు. 'నేను' అని కథ చెబుతున్నాడంటే బతికి బయటపడ్డాడని పాఠకుడు మొదటి పేజీలోనే ఊహించేస్తాడు. టెన్షన్ సగం పోతుంది.

ఇక ఫొటోల సంగతి. ఆ సినిమాలో నాకు బాగా నచ్చిన ఆలోచన అది. పుట్టినరోజు వేడుకలో ఉరేసుకున్న ఆయా మెడ మీద, ముందే తీసిన ఫొటోలో ఒక గీత ఉంటుంది. చర్చి ఫాదర్ బ్రెన్నన్ ఫొటోలో అతని ఒంటిని తాకుతూ పొడవాటి గీత ఉంటుంది. తర్వాత చర్చి పైనుంచి ఊడిపడిన ఇనుప కడ్డీ అతనిలో దిగబడుతుంది. తెర మీద ఇది క్షణంలో అర్థమవుతుంది. పేజీ మీద 'మృత్యువు గీసినట్టున్న భయంకరమైన గీత' అని రాశామంటే, తీర్పు మనమే ఇచ్చేశాం. నేనైతే ఇలా రాస్తాను: "ఫిల్మ్ పాడైందనుకున్నాడు. పక్క ఫ్రేము కడిగి చూశాడు. అందులో గీత లేదు. మళ్లీ మొదటిది కడిగాడు. ఉంది." ఇందులో భయం అన్న మాటే లేదు. ఫొటోగ్రాఫర్ చేసే పనే ఉంది. మిగతాది పాఠకుడు చూసుకుంటాడు.

రీరికార్డింగ్‌ది, అంటే నేపథ్య సంగీతానిది, ఇంకో కష్టం. ఈ సినిమాకు జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆస్కార్ తెచ్చుకున్నారు. లాటిన్ పాటను బృందం చేత పాడించి హాల్లో జనాన్ని వణికించారు. పుస్తకంలో ఆ పాట లేదు. దాని బదులు విశేషణాలు పోయకండి. వాక్యం నడక మార్చండి, అంతే.

సెల్ట్జర్ తన స్క్రిప్టుకు తానే కట్టుబడలేదు. సినిమాలో తండ్రి రాబర్ట్ థార్న్ నవలలో జెరెమీ థార్న్ అయ్యాడు, ఫాదర్ బ్రెన్నన్ టస్సోన్ అయ్యాడు. మీరు కూడా ఆ చొరవ తీసుకోవాలి. కానీ మీ దగ్గరుండేది స్క్రిప్ట్ మాత్రమే. పుస్తకం సినిమాతో పాటు రావాలంటే ఫస్ట్ కాపీ, అంటే సినిమా పూర్తి ప్రింటు, తయారవకముందే రాయడం ముగించాలి. మీరు ప్రాణం పెట్టి రాసిన సీను ఎడిటింగ్‌లో లేపేయొచ్చు. అది పుస్తకంలో ఉండిపోతే తప్పేమీ లేదు, ఆ సీను అక్కడైనా బతుకుతుంది. కానీ క్లైమాక్స్ మారితే మాత్రం చిక్కే. దర్శకుడు దెయ్యం ఉందనో లేదనో చివర్లో తేల్చేస్తే, మీరు రెండు వందల పేజీలు కాపాడిన అనుమానం ఆఖరి అధ్యాయంలో వమ్మవుతుంది. అందుకే ఒప్పుకునే ముందే దర్శకుడితో కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: "మీ ఉద్దేశంలో దెయ్యం నిజంగా ఉందా?" ఆయన జవాబు పుస్తకంలో రాయనక్కర్లేదు. మీకు తెలిసి ఉంటే చాలు, ఏ పేజీలో ఎంత దాచాలో అప్పుడే లెక్క కుదురుతుంది.