మోచెయ్యి పట్టుకుని వైజాగ్ తిరిగాం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో బాగా ఊగుతుంది. కెమెరా నా చేతిలో లేదు, మా ఫ్రెండ్ చేతిలో ఉంది. పేరు చెబితే ఆటోలోంచి దూకేస్తానంది కాబట్టి ‘మా ఫ్రెండ్’ అనే అంటాను.

డాలస్ నుంచి మూడు వారాలకి వచ్చా. కొత్తగా చూస్తున్నవాళ్లకి రెండు ముక్కలు: నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. చిన్నప్పుడు రేచీకటిగా మొదలైంది. మసక వెలుతురులో పనికొచ్చే రాడ్ కణాలు ముందు పోతాయి, దాంతోపాటే పక్కచూపూ పోతుంది. ఇప్పుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి చూస్తే ఎంత కనిపిస్తుందో అంతే మిగిలింది. క్యారెట్లు తినమనే పిన్నులందరికీ దణ్ణం. అది విటమిన్ ఏ తగ్గి వచ్చే రేచీకటికి. నాది జన్యువుల్లోంచి వచ్చింది పిన్నీ!

మొదటిరోజు జగదాంబ దగ్గర ఆటో దిగగానే ఇది నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోయింది. లాగితే కాలు ఎక్కడ పడుతుందో నాకు తెలీదు. సాయం చేసేవాళ్ల మోచేతికి కాస్త పైన నేనే పట్టుకుని అరడుగు వెనకాల నడవాలి. వాళ్లు మెట్టెక్కితే ఆ సంగతి నా చేతికి ముందే తెలిసిపోతుంది. “నీ చెయ్యి నేను పట్టుకుంటే అది షికారు. నా చెయ్యి నువ్వు పట్టుకుంటే దొంగని స్టేషన్‌కి తీసుకెళ్లినట్టు” అన్నా. అప్పటికి బుర్రకెక్కింది.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి మాత్రం భయపడుతూనే వెళ్లా. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, మరుసటి ఏడాది నుంచీ ఇసుకలో మ్యూజియం. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం పక్కకి తిరిగితే గోడే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలో దూరి వెళ్లాలి. చూపు బాగున్నవాళ్లు పైన పైపులు చూసుకుంటూ నుదుళ్లు కొట్టుకుంటున్నారు. నేను అంచు తడుముకుని, తల వంచి, కాలు పెట్టి దాటేశా. మా ఫ్రెండ్‌కి బొప్పి కట్టింది!

అక్కడ వివరించేది నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. నా తెల్ల కర్ర చూసి, “తడిమి చూడమ్మా” అని ఒక ఇనుప చక్రం మీద నా చెయ్యి పెట్టారు. నీళ్లపైకి చూసే గొట్టం, అదే పెరిస్కోప్, అందని లోతుకి దిగాక సబ్‌మెరైన్‌కి బయట ఏమీ కనబడదట. ఎదర ఏముందో నీళ్లలో శబ్దాల్ని పట్టే సోనార్‌తో వినాల్సిందే. ఆ చక్రం దగ్గరే కాసేపు నిలబడిపోయా, వెనకాలవాళ్లు విసుక్కున్నారు కూడా.

సింహాచలం సంగతి మాటల్లోనే, లోపల కెమెరా ఒప్పుకోరు. అప్పన్న స్వామి ఏడాదంతా చందనం కిందే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు. అంటే మేం వెళ్లినరోజు క్యూలో నా ముందున్నవాళ్లు చూసిందీ చందనాన్నే! కప్పస్తంభాన్ని కావలించుకుంటే, “పిల్లల కోసం మొక్కుకుంటారే అక్కడ. నీకు ఇద్దరు చాలు, వదిలెయ్” అని వెనక నుంచి ఇది.

కైలాసగిరి మీద రెయిలింగ్ దగ్గర నిలబడితే నాకు కనిపించేది సముద్రంలో చిన్న చెక్క. తల తిప్పితే ఇంకో చెక్క. మా ఫ్రెండ్ వైడ్‌లో ఫోటో తీసి, ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుంది. ఒంపు తిరిగిన తీరం, నురగ, ఊరు, అటు చివర డాల్ఫిన్స్ నోస్ కొండ, అన్నీ కలిపి నా గొట్టంలో పట్టేశాయి. కళ్లు కనిపించనిదానికి వీడియోలెందుకని అడుగుతుంటారుగా, ఇదుగో, ఇందుకే. పుట్టి పెరిగిన ఊరి ఒంపుని ఇంత మొత్తంగా చూసి ఎన్నేళ్లయిందో.

చీకటి పడ్డాక మళ్లీ బీచ్. ఇక నాకు ఏమీ లేదు, మోచెయ్యే. “ఓడలు లంగరేసి ఉన్నాయే, లైట్లు... ఆరు. కాదు, ఏడు” అంది. ఫోన్‌లో తీసి చూపించబోయింది, అంతా నలుపు. “నీకూ ఇలాగేనేటే?” “ఇంచుమించు.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మురీ మిక్చర్ కొంది. “ఒక చెయ్యి నీకిచ్చా, ఒకటి కెమెరాకిచ్చా, నేనెలా తినాలే?”

అందుకని కెమెరా ఆపేస్తున్నామండీ.