పుచ్చు పన్నే కదా అని వదిలేస్తున్నారా?

హాయ్ అండి, ఈరోజు పిల్లల పళ్ళ గురించి, బ్రష్ చేయండి చాక్లెట్లు తినకండి లాంటి క్లాసు కాదులెండి.

2007లో అమెరికాలో మేరీలాండ్‌లో డియామోంటే డ్రైవర్ అని 12 ఏళ్ళ బాబు చనిపోయాడు, కారణం పుచ్చు పన్ను. పన్నులో పట్టిన చీము మెదడుకి ఎక్కేసింది. పన్ను పీకడానికి 80 డాలర్లు అయ్యేదట, ఆపరేషన్లూ ఐసీయూ అన్నీ కలిపి బిల్లు 2 లక్షల డాలర్లు దాటింది. ఇంకో విషయం, వాళ్ళమ్మ అప్పటికే డెంటిస్ట్ కోసం తిరుగుతోంది, కానీ తమ్ముడి కోసం, వాడికి ఆరు పళ్ళు పుచ్చాయి. పేదవాళ్ళకి ఇచ్చే మెడికెయిడ్ కార్డు తీసుకునే డాక్టరే దొరకట్లేదు. పెద్దోడేమో పన్ను నొప్పి అననే లేదు, తలనొప్పి అన్నాడంతే.

మన దగ్గర సంగతేంటి మరి? పీహెచ్‌సీలో మామూలుగా డెంటల్ డాక్టర్ ఉండరు, బుగ్గ వాచాక పిల్లని తీసుకెళ్తే యాంటీబయాటిక్, పారాసెటమాల్ ఇచ్చి ఏరియా హాస్పిటల్‌కి చీటీ రాస్తారు, రెండ్రోజుల్లో వాపు దిగిపోద్ది, ఇంకేం తగ్గిపోయిందిగా అని చీటీ పక్కన పడేస్తారు. నేను తల్లిదండ్రుల్ని తిట్టను, వెళ్ళాలంటే ఒకరోజు కూలి పోతుంది, పైగా బస్సు చార్జీలు. కానీ మాత్రలు చీముని అణుస్తాయంతే, పన్నుకి వైద్యం చేసేదాకా లేదా పీకేదాకా మూలం లోపలే ఉంటుంది, మళ్ళీ వస్తుంది.

ఇంకోటి, "పాల పన్నేలే, ఊడిపోద్ది" అంటారు కదా, 6 ఏళ్ళప్పుడు అన్నిటికంటే వెనక వచ్చే దవడ పన్ను పాల పన్ను కాదండి! ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు, అదే ముందు పుచ్చేది చాలామందికి.

వాపు కంటి వైపు పాకినా, దవడ కిందకి దిగినా, జ్వరంతో పాటు నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళండి. పంట్లో పొగాకు కుక్కడం, వాచిన బుగ్గకి కాపడం పెట్టడం, ఇవి మాత్రం దయచేసి మానేయండి.

అన్నట్టు పిల్లల ఆరోగ్యం చెక్ చేయడానికి స్కూళ్ళకి ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీమ్ వస్తుంది చూశారా, పుచ్చు పళ్ళు కూడా వాళ్ళు చూడాల్సిన లిస్టులో ఉన్నాయి. ఈసారి వచ్చినప్పుడు మా పిల్లాడి నోరు తెరిపించి చూశారా అని టీచర్‌ని అడగండి.